ఎంతమంది చూస్తారమ్మా నన్ను?

కృష్ణగిరి నుంచి ఊత్తంగరై పోయే దారిలో ఉంది మత్తూరు. ఆ చుట్టుపక్కల కొన్ని ఇళ్లలో మాట తెలుగు, వీధిలోకి వస్తే తమిళం. అలాంటి ఇంట్లో పుట్టిన ఓ కుర్రాడు ఎంబీబీఎస్ పూర్తి చేసి, హౌస్‌సర్జన్‌గా ఒక ప్రభుత్వ ఆస్పత్రి కాన్పుల వార్డులో పని చేశాడు. 2021లో మారిన నిబంధనల ప్రకారం ఏడాది హౌస్‌సర్జన్సీలో ఈ విభాగానికి కేటాయించింది ఏడు వారాలు. ఆ ఏడు వారాల సంగతి ఆయన మాటల్లోనే చదవండి. ఆస్పత్రి పేరు, ఆయన పేరు రాయడం లేదు. ఆడవాళ్ల గుర్తులు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం.

* * *

డ్యూటీ లిస్టు వచ్చిన రోజు ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. మా అవ్వ ఆరు కాన్పులూ ఇంట్లోనే కన్న మనిషి. ఆస్పత్రి గడప తొక్కింది కంటి ఆపరేషన్‌కే. "మొగోడివి కదరా, ఆడోళ్లు ఒప్పుకుంటారా?" అని అడిగింది. నేను నవ్వాను. "ఆస్పత్రిలో ఒప్పుకునేదేముంది అవ్వా, డాక్టరు డాక్టరే" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో తెలియడానికి నాకు మూడు రాత్రులు పట్టింది.

మేము ఆ గదిని ఎల్‌ఆర్ అంటాం. లేబర్ రూమ్. వరుసగా బల్లలు, మధ్యలో ఆకుపచ్చ తెరలు. తెరలు ఉంటాయే గానీ, పని ఎక్కువైనప్పుడు వాటిని ఎవరూ లాగరు. ఫినాయిలు, నెత్తురు, చెమట కలిసిన వాసన. ఒక మూల బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్. సిస్టర్లు ఎప్పుడూ పరుగులోనే ఉంటారు. మొదటి రోజు ఏదీ అర్థం కాదు. ఎక్కడ నిలబడినా ఎవరికో అడ్డమే.

ముందుగా నేర్పేది పీవీ. లోపల రెండు వేళ్లతో చూసి గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందో సెంటీమీటర్లలో చెప్పాలి. పదికి వస్తే పూర్తిగా తెరుచుకున్నట్టు. పుస్తకంలో ఇది ఒక బొమ్మ. కాలేజీలో ప్లాస్టిక్ నమూనా మీద చేయించారు. ప్లాస్టిక్కు మూలగదు, కాళ్లు ముడుచుకోదు. చూసినప్పుడల్లా లాగ్‌బుక్‌లో ఒక సంతకం. నాలాంటి వాళ్లం నలుగురైదుగురం ఉంటాం. అందరికీ సంతకాలు కావాలి, అందరికీ చెయ్యి తిరగాలి. ఎవరైనా కొత్తగా నొప్పులతో వస్తే బల్ల చుట్టూ చేరిపోతాం. ఇప్పుడు తలుచుకుంటే సంతలో ఎద్దు పళ్లు చూసే బేరగాళ్లు గుర్తొస్తారు.

మూడో రాత్రి

ఆమెకు ఇరవై రెండేళ్లుంటాయి, తొలి కాన్పు. సిస్టర్లతో తమిళంలోనే మాట్లాడింది. కేసుషీటులో కూడా అన్నీ తమిళ వివరాలే. ముందు డ్యూటీ మేడమ్ చూశారు. తర్వాత పీజీ చూశారు. మా బ్యాచి అమ్మాయి చూసింది. గంటన్నర లోపలే నా వంతు వచ్చింది. అప్పటికి గ్లవ్స్ వేసుకుని సిద్ధంగా ఉన్నాను. నా పేరు చెప్పలేదు, ఏం చేయబోతున్నానో చెప్పలేదు. "కాలై మడక్కుమ్మా" అన్నాను, అంతే.

ఆమె తల పక్కకు తిప్పి, తోడుగా నిలబడిన తల్లితో మెల్లగా తెలుగులో అంది: "ఎంతమంది చూస్తారమ్మా నన్ను? ఈ పిల్లోడు మన చిన్నోని మాదిరి ఉండాడు."

మా ఇంటి మాట అది. అదే యాస. మా అక్క మాట్లాడినట్టే ఉంది. ఆమె అనుకునేది ఇక్కడెవరికీ అర్థం కాదని. తల్లి ఆమె నుదురు తుడుస్తూ "ఓర్చుకో తల్లీ, వాళ్లకు చదువు" అంది. నేను చెయ్యి వెనక్కు తీసుకోవాల్సింది. తీసుకోలేదు. చూశాను. "ఆరు సెంటీమీటర్లు" అని పీజీకి చెప్పాను. సంతకం పడింది. నాకు తెలుగు వచ్చునని ఆమెకు చెప్పలేదు. ఆ రాత్రే కాదు, ఆమె డిశ్చార్జి అయ్యేదాకా ఆ వార్డు ముందు తలొంచుకుని తిరిగాను.

ఇదంతా చదువులో భాగం కాదా అంటే, అవును. చూడకుండా ఏ డాక్టరూ నేర్చుకోడు. రేపు ఏ పీహెచ్‌సీలోనో ఒంటరిగా ఉన్నప్పుడు నా వేళ్లకు తెలియకపోతే అక్కడ పోయేది రెండు ప్రాణాలు. కానీ గంటన్నరలో నాలుగుసార్లు చూడడం ఆమె కోసం కాదు, మా కోసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో మామూలు కాన్పుకు నాలుగు గంటలకోసారి చూస్తే చాలని ఉంది. అంతకు మించి చూసేకొద్దీ, చేతులు మారేకొద్దీ ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది. మన కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన 'లక్ష్య' కార్యక్రమంలోనూ కాన్పు గదిలో మర్యాద, మరుగు ఉండాలని రాసి ఉంది. అవి మేము పరీక్షకు చదివాం, మార్కులు కూడా వచ్చాయి.

ఇంకో పాత కథ గుర్తొచ్చింది. వియన్నా పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులుండేవి. ఒకదాన్ని మంత్రసానులు చూసుకునేవారు. ఇంకోదానిలో డాక్టర్లు, మాలాంటి విద్యార్థులు. 1846లో విద్యార్థుల వార్డులో వందకు పదకొండు మంది బాలింతలు జ్వరం వచ్చి చనిపోయారు. మంత్రసానుల వార్డులో చావులు చాలా తక్కువ. ఆ ఊరి ఆడవాళ్లకు ఆ తేడా తెలుసు. మమ్మల్ని ఆ వార్డులో వేయొద్దని కాళ్లావేళ్లా పడేవారట. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు తేల్చిందేమిటంటే, శవాలను కోసిన చేతులతోనే విద్యార్థులు వచ్చి ఈ ఆడవాళ్లను చూస్తున్నారని. 1847లో అందరిచేతా క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. మరుసటి ఏటికి చావులు వందకు ఒకటి, రెండుకు దిగాయి. పుస్తకంలో ఈ కథను చేతులు కడుక్కోవడం గురించి చెప్పడానికి వాడతారు. ఆ రాత్రి తర్వాత నాకు అందులో కనిపించింది కాళ్లావేళ్లా పడిన ఆడవాళ్లే. వాళ్ల మాట అప్పుడే వినుంటే..

'పనికుడం' అంటే?

రెండో వారంలో ఒకామె వచ్చింది. పుట్టిల్లు కుప్పం వైపు, మెట్టిల్లు మా మత్తూరు వైపు. తొలి కాన్పు పుట్టింట్లో అయింది. రెండోది అత్తగారింట. బజారు తమిళం బాగానే వచ్చు. టమోటా ధర అడగ్గలదు, బస్సు ఏదో అడగ్గలదు. పీజీ అడిగారు: "పనికుడం ఉడైంజుదామ్మా?" ఆమె తల అడ్డంగా ఊపింది. 'లేదు' అని షీటులో రాసేశారు. ఇంకా నొప్పులు సరిగ్గా రాలేదు, వార్డులో పడుకోబెట్టండి అన్నారు.

నేను షీటు పట్టుకుని పక్కనే ఉన్నాను. పేరు, భర్త ఊరు చూసి అనుమానమొచ్చి, ఈసారి తెలుగులో అడిగాను. "అక్కా, ఉమ్మనీరేమైనా పోయిందా?"

"పొద్దున్నించీ పోతానే ఉండాది సార్. చీర రెండుసార్లు మార్చినా" అంది.

అప్పటికి రాత్రి తొమ్మిది. తమిళంలో పనికుడం అంటే మంచు కుండ, అంటే ఉమ్మనీటి సంచి. అందమైన మాటే. కానీ మన ఆడవాళ్లకు అది వంటింట్లో గానీ సంతలో గానీ వినబడే మాట కాదు. ఆమె అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడి తల ఊపింది. నీరు పోయి ఎన్ని గంటలయింది అన్నదాని మీదే తర్వాత చేసేదంతా ఉంటుంది. ఆగాలా, నొప్పులు తెప్పించాలా, జ్వరం ఎన్నిసార్లు చూడాలి, బిడ్డ గుండె ఎంత దగ్గరగా వినాలి అన్నీ. ఆలస్యమయ్యేకొద్దీ లోపల చీము పట్టే భయం ఉంటుంది. షీటు మార్చారు. డ్రిప్ పెట్టారు. తెల్లారేసరికి మగబిడ్డ, ఇద్దరూ బాగున్నారు. పీజీ నన్ను పిలిచి "తెలుంగా నీ?" అని అడిగి, ఆ రోజు నుంచి తెలుగు మాట వినబడితే చాలు నన్నే పిలవడం మొదలుపెట్టారు.

దానితో నాకు ఒక చిన్న ఉద్యోగం దొరికినట్టయింది. మాయ, బొడ్డుతాడు, ముట్టు తప్పడం, తెల్లబట్ట, పొత్తికడుపు.. మా అవ్వ నోట విన్న మాటలన్నీ పనికొచ్చాయి. కొన్ని మాటలు రెండు భాషల్లో ఒకటే కావడం కూడా తమాషా. సిస్టర్లు తమిళంలో "ముక్కు, ముక్కు" అని అరిస్తే మన ఆడవాళ్లకు వేరే చెప్పాల్సిన పనే లేదు. అదే మాట, అదే అర్థం. ఒక్కామె మాత్రం, పాపం, ముక్కు పట్టుకుంది. అంత నొప్పిలోనూ ఆమె తల్లికి నవ్వాగలేదు.

సరిహద్దు కాన్పుల్లో ఇంకో చిక్కు ఉంది, కార్డులు. పుట్టింటికి పురిటికి రావడం మన ఆచారం. ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో గీత దాటి వస్తారు. ఆంధ్ర నుంచి వచ్చిన ఆమె చేతిలో తెలుగు కార్డు ఉంటుంది. ఇక్కడ పేరెక్కించుకోవడానికి పీక్మీ నంబరు అడుగుతారు. రక్తం ఎంతుందో, ఏ ఇంజెక్షన్ వేశారో ఉన్నదంతా ఆ తెలుగు కార్డులోనే. దాన్ని ఇక్కడ చదివేవాళ్లు తక్కువ. ఇక్కడి నుంచి కుప్పం వైపు పోయేవాళ్లకు ఇదే కథ తిరగేసి. తమిళనాడు ముత్తులక్ష్మి రెడ్డి పథకం కింద ఇచ్చే సాయాన్ని 2018లో 18 వేలకు పెంచింది. డబ్బు ఏ రాష్ట్రంలో వస్తుందన్న లెక్కలు నాకు తెలియవు గానీ, కాన్పుకు వచ్చే ఆడవాళ్లు రెండు రాష్ట్రాల కార్డులూ, స్కానింగు కాగితాలూ ఒకే సంచిలో పెట్టుకుని రావాలని మాత్రం కనబడిన ప్రతి ఒక్కరికీ చెప్పేవాణ్ణి.

కొలవని నెత్తురు

నాలుగో వారంలో నెత్తురు చూశాను. చూడడమంటే నిజంగా చూడడం.

మూడో కాన్పు. రక్తం ఏడు గ్రాముల చిల్లర. పదకొండు ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాబట్టి ఆమె లెక్కల్లో వింత కాదు. బిడ్డ సులువుగా పుట్టింది. ఆక్సిటోసిన్ సూది వేశారు, మాయ పడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను బొడ్డు కత్తిరించిన చోట చూస్తూ ఉన్నాను. ఆమె కింద పరిచిన గుడ్డ తడుస్తూనే ఉంది.

"సిస్టర్, ఇది ఎక్కువా?" అని అడిగాను. అడిగేంతలో ఆమె పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూసింది. రాయిలా ఉండాల్సిన గర్భాశయం మెత్తటి పిండిలా ఉంది. ఆ తర్వాత అయిదు నిమిషాల్లో అరడజను మంది చేరారు. పొట్ట మీద నొక్కి రుద్దేవాళ్లు ఒకరు, రెండో డ్రిప్ పెట్టేవాళ్లు ఒకరు, ట్రానెగ్జామిక్ యాసిడ్ ఎక్కించేవాళ్లు ఒకరు. ఇది కాన్పయిన మూడు గంటల్లోపల పడితే నెత్తురు పోయి చనిపోయేవాళ్లు తగ్గుతారని 2017లో వెలువడిన పెద్ద అధ్యయనంలో తేలింది. మేడమ్ ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి పైన పెట్టి గర్భాశయాన్ని పిడికిట్లో బిగించి పట్టుకున్నారు. నాకు అప్పజెప్పింది ఒకటే పని, రక్తం శాంపిల్ తీసుకుని బ్లడ్‌బ్యాంకుకు పరుగెత్తడం. చెప్పులు జారాయి. వట్టి కాళ్లతో పోయాను.

వరండాలో ఆమె బంధువులు ఏడెనిమిది మంది ఉన్నారు. రక్తం తీసుకున్న దానికి బదులు ఇవ్వాలంటే ఇద్దరు మెల్లగా టీకొట్టు వైపు జరిగారు. "పని చేసుకునేటోణ్ణి సార్, నెత్తురిస్తే ఎట్ల?" అన్నాడు ఒకాయన. ఇచ్చింది ఆమె మరిది. పద్దెనిమిది దాటి ఏడాది కూడా అయినట్టు లేదు. వాడి చెయ్యి వణుకుతూనే ఉంది.

ఆమె బతికింది. తర్వాత మేడమ్ నన్ను అడిగారు, ఎంత పోయి ఉంటుందని. నాలుగు వందల మిల్లీలీటర్లు అన్నాను. ఆమె నవ్వకుండా "దానికి రెండింతలు" అన్నారు. కళ్లతో చూసి చెబితే ఎప్పుడూ తక్కువే చెబుతామట. గుడ్డ తాగేసింది కనబడదు, నేల మీద పారింది లెక్కకు రాదు. అయిదు వందలు దాటితే ప్రమాదం మొదలైనట్టేనని మేము చదువుకున్నాం. ఆ అయిదు వందలు ఎప్పుడు దాటిందో కొలిచేవాళ్లు లేకపోతే ఆ చదువు దేనికి? ఈ కొలతకు కిందకు పరిచే ప్లాస్టిక్ సంచి ఒకటుంది, గీతలతో. అలాంటి ఒకదాన్ని పక్క కర్ణాటకలో, బెళగావి పల్లెల్లో చేసిన పరిశోధన కోసమే తయారు చేశారు. 2006లో ఆ వివరాలు అచ్చయ్యాయి. 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల్లో 80 ఆస్పత్రుల్లో ఇలాంటి సంచినే పరిచి, గీత దాటగానే చేయాల్సిన పనులన్నీ ఒకేసారి చేస్తే, తీవ్రమైన రక్తస్రావం, దాని వల్ల వచ్చే ఆపరేషన్లు, చావులు కలిపి 60 శాతం తగ్గాయని తేలింది. ఒక ప్లాస్టిక్ సంచి. మా గదిలో ఆ రాత్రి గుడ్డే ఉంది.

ఒక లక్ష కాన్పులకు ఎంతమంది తల్లులు పోతున్నారన్న లెక్క ఉంది. 2018-20లో దేశంలో అది 97, తమిళనాట 54, ఆంధ్రలో 45, తెలంగాణలో 43, కేరళలో 19. ఈ అంకెలు చదివినప్పుడు మనం బాగానే ఉన్నామనిపిస్తుంది. ఆ రాత్రి శాంపిల్ పట్టుకుని పరుగెత్తేటప్పుడు నాకు తోచిందేమంటే, ఆ 54లో ఒకటి ఈమె కావడానికి పది నిమిషాలు చాలునని.

బిడ్డ పుట్టగానే తల్లికి చూపించి "ఏ బిడ్డమ్మా?" అని ఆమె నోటితోనే చెప్పించుకుంటాం. తర్వాత గొడవలు రాకుండా. ఆమెకు మూడోదీ ఆడబిడ్డే. నెత్తురు పోవడం మొదలవక ముందు ఆ ప్రశ్న అడిగితే, చాలాసేపు పలకలేదు. సిస్టర్ రెండోసారి గట్టిగా అడిగాక "ఆడబిడ్డ" అంది, గోడ వైపు తిరిగి. ఆడపిల్లలను పురిట్లోనే చంపుకుంటున్నారని 1992లో సేలంలో ఊయల పథకం పెట్టారు. 2001లో దాన్ని ధర్మపురి జిల్లాకూ తెచ్చారు. అప్పటికి కృష్ణగిరి కూడా ధర్మపురిలోనే ఉండేది, 2004లో విడిపోయింది. అంత పాత సంగతేం కాదు. మరుసటి రోజు వార్డుకు పోతే ఆమె ఆ పిల్లకు పాలిస్తూ ఉంది. పక్కన ఆ మరిది, చేతికి ఇంకా దూది అంటించుకుని.

తిట్లు, అబద్ధాలు

సిస్టర్లు తిడతారు. నిజమే. "అప్పుడు తెలియలేదా నొప్పి" లాంటి మాటలు విన్నాను. చెవులు మూసుకోవాలనిపించేది. కానీ ఒక్క రాత్రిలో పది కాన్పులు చేసి, నీళ్లు తాగడానికి తీరిక లేని మనిషి పక్కన పన్నెండు గంటలు నిలబడ్డాక, నాకు ఆమెను వేలెత్తి చూపించడం చేతకాలేదు. ఆ తిట్టే సిస్టరే పిండిలా మెత్తబడిన గర్భాశయాన్ని అందరికన్నా ముందు పట్టుకుంది. తిట్టినా ఒప్పేనని కాదు. ఇంకో ఇద్దరు మనుషులుంటే సగం తిట్లు ఉండేవి కావని.

మనసుకు పట్టుకున్నది ఇంకొకటి. ఒక పిల్ల వచ్చింది, అయిదో నెల. వయసెంత అంటే పెద్దమ్మ "పంతొమ్మిది" అంది. ఆధార్‌లో పదహారు. మెడలో పసుపుతాడు. పద్దెనిమిది నిండని పిల్ల కడుపుతో వస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి. పెళ్లయిందన్నా ఊరుకోదు. చెబితే మొగుడు జైలుకు, ఆ పిల్ల పాలు ఎవరిస్తారని ఇల్లంతా ఏడుపు. చెబుతారన్న భయానికి ఆస్పత్రికి రాకుండా తిరిగే పిల్లలెందరో. పదహారేళ్ల ఒంటికి కాన్పే పెద్ద ప్రమాదం. అది ఇంట్లో అయితే చెప్పక్కర్లేదు. మేడమ్ చట్టం ప్రకారమే రాశారు. ఆ పిల్ల మాత్రం నన్ను చూసి తెలుగులో ఒక్కటే అడిగింది, "నన్ను బడికి పోనిస్తారా సార్?" అని. నాకు జవాబు తెలియదు. సోషల్ వర్కర్ వచ్చేదాకా పక్కన కూర్చున్నాను.

అడిగితే

మూడో రాత్రి తర్వాత నేను ఒక పని మొదలుపెట్టాను, అడగడం. పేరు చెప్పడం, ఇంకా నేర్చుకునేవాణ్ణని చెప్పడం, ఏం చేస్తానో చెప్పడం, తెర లాగడం, నొప్పి మధ్యలో కాకుండా నొప్పి తగ్గాక చూడడం. దీనికంతా పట్టేది అర నిమిషం. తోటి వాళ్లు మొదట్లో నవ్వారు. "నువ్వు పర్మిషన్ అడిగేలోపల బిడ్డ బయటికొస్తుంది" అని. ఒకసారి నిజంగానే వచ్చింది కూడా.

చాలామంది సరేనన్నారు. అది నేను అనుకోలేదు. "చూడు నాయనా, నువ్వూ నేర్చుకోవాల కదా" అన్నారు. కొందరు నొప్పుల్లోనూ మీది ఏ ఊరు అని అడిగారు. అడగకుండా చూసినప్పుడు బిగుసుకున్న ఒళ్లు, అడిగాక చూస్తే వదులయ్యేది. వేళ్లకు కూడా తెలిసేది ఆ తేడా. కాబట్టి అడగడం వల్ల నా చదువేమీ పోలేదు.

2022 జనవరిలో తమిళనాట ఒకేసారి 11 ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. కృష్ణగిరి కూడా అందులో ఒకటి. 1,450 సీట్లు. మంచిదే. మా అవ్వ కాలంలో ఎద్దులబండి తప్ప దిక్కులేని చోట ఇంతమంది డాక్టర్లు. అందరూ నాలాగే ఎవరో ఒక పేదింటి ఆడకూతురి బల్ల దగ్గర గ్లవ్స్ వేసుకుని నిలబడే నేర్చుకోవాలి. డబ్బున్నవాళ్లు ప్రైవేటుకు పోతారు, అక్కడ వాళ్ల చుట్టూ లాగ్‌బుక్కులు ఉండవు.

ఆఖరి వారం, ఆఖరి రాత్రి. నాకింకా ఒక సంతకం తక్కువ. రెండింటికి ఒకామె వచ్చింది. రెండో కాన్పు, తెలుగు మనిషి. తెర లాగి, పేరు చెప్పి, "చూడొచ్చా అక్కా?" అని అడిగాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. "వద్దు నాయనా. ఆ ఆడపిల్ల డాక్టరుంది కదా, ఆయమ్మను రమ్మను" అంది.

పిలుచుకొచ్చాను. తెర బయట నిలబడి లోపలి నుంచి ఆ అమ్మాయి చెప్పే అంకెలు షీటులో రాశాను. ఏడు. తర్వాత తొమ్మిది. నాలుగున్నరకు ఏడుపు వినబడింది. తర్వాత ఆమె గొంతు, సిస్టర్ అడగకముందే: "ఆడబిడ్డ!"

లాగ్‌బుక్‌లో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఇంటికి పోయాక అవ్వకు చెప్పాను, ఒకామె ఒప్పుకోలేదని. "మరి నువ్వేం చేసినావు?" అని అడిగింది.

"బయట నిలబడినా."

"ఊఁ" అంది అవ్వ, చిక్కుడుకాయలు ఒలుస్తా.